గట్టున మొలిచినదంతా ఈ నేలదేనా?

తెలుగు పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ, చేతులు మారుతూ తిరిగే వీడియోల్లోనూ, బడుల్లో జరిగే పర్యావరణ దినోత్సవ ప్రసంగాల్లోనూ ఒక అభిప్రాయం దాదాపు సిద్ధాంతంలా స్థిరపడిపోయింది. విత్తనం చల్లకుండా, నీరు పెట్టకుండా పొలం గట్టున తనంత తానుగా మొలిచే పూలమొక్క ఏదైనా ఈ నేల మొక్కేననీ, పువ్వు రంగూ రూపమూ చూసిగానీ ఫోన్‌తో ఒక ఫొటో తీసిగానీ దాని పేరు తేల్చేయవచ్చుననీ, పేరు తెలిశాక గుణాలు పూర్వగ్రంథాల్లో ఎలాగూ దొరుకుతాయనీ ఆ అభిప్రాయ సారాంశం. ఈ మూడు మాటలూ ఒకదానిపై ఒకటి ఆనుకొని నిలబడినవి కాబట్టి ఒక్కటి తొలగినా మిగతావి నిలవవు. పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కల విషయంలోనైతే మూడూ తొలగించవలసినవే.

చర్చకు చీడికాడ పరిసరాలను తీసుకోవడం ఉచితంగా ఉంటుంది. చోడవరానికి చేరువలో, తూర్పు కనుమల పాదాన ఉన్న ఈ మండలం పూర్వం విశాఖపట్నం జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోనిది. బొడ్డేరు మీద కట్టిన కోనాం జలాశయం నీటితో వరి, చెరకు పండే పల్లపు పొలాలు ఇక్కడ ఉన్నాయి. ఆ నీరు ఎక్కని మెట్టలూ, కొండవాలు చేలూ, బంజర్లూ కూడా ఉన్నాయి. ఇది ఎడారి కాదు. అయినా పంట ఇంటికి చేరిన తరువాత మాఘం మొదలుకొని రోహిణి కార్తె వెళ్లేదాకా మెట్టనేల బీటలు వారి, పశువులకు పచ్చిగడ్డి కూడా కరువైపోయే నెలల్లో, ఆ ఎండకు తాళుకొని పూసే మొక్కలు కొన్నే మిగులుతాయి. వాటిలో పొద్దుతిరుగుడు కుటుంబానిది చెప్పుకోదగిన వాటా. వృక్షశాస్త్రం ఈ కుటుంబాన్ని ఆస్టరేసీ అనీ, పాత పేరుతో కంపోజిటే అనీ పిలుస్తుంది. ప్రపంచం మొత్తం మీద దీనిలో 25,000కు తక్కువ కాకుండా జాతులు ఉన్నాయని అంచనా. ఇంత పెద్ద కుటుంబంలో పసుపు రంగును పట్టుకొని మొక్కను గుర్తించబోవడం తిరునాళ్లలో తెల్ల చొక్కాను పట్టుకొని మనిషిని వెతకడం వంటిది.

అసలు ఈ కుటుంబంలో పువ్వు అని అందరూ పిలిచేది ఒక పువ్వు కాదు. పొద్దుతిరుగుడులో గానీ చామంతిలో గానీ కంటికి కనిపించేది వందలకొద్దీ చిన్న పువ్వులు ఒకే పీఠం మీద కిక్కిరిసి కూర్చున్న గుంపు. ఆ గుంపును శీర్షం అంటారు. అంచున రేకుల్లా పరచుకొని కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో పూర్తి పువ్వు, వాటిని కిరణ పుష్పకాలు అంటారు. నడుమ బొట్టులా కనిపించే భాగంలోని సన్నని గొట్టాలు బింబ పుష్పకాలు. శీర్షం కింద పుచ్ఛాలనే ఆకుపచ్చని చిన్న పొరలు గిన్నెలా చుట్టి ఉంటాయి, వాటి వరుసను పరిచక్ర పుచ్ఛావళి అంటారు. ప్రతి చిన్న పువ్వుకూ అడుగున రక్షకపత్రాల స్థానంలో వెంట్రుకలో, పొలుసులో, ముళ్లో ఉంటాయి, లేదా ఏమీ ఉండకపోవచ్చు. గింజను గాలిలో తేల్చే ఆ వెంట్రుకల కుచ్చుకు కేశగుచ్ఛమని పేరు. మొక్కను మొక్క నుంచి విడదీసే ఆనవాళ్లు ఎక్కువగా ఈ చివరి రెండింటిలోనే దాగి ఉంటాయి: పుచ్ఛాలు ఎన్ని వరుసలు, అవి కలిసి ఉన్నాయా విడిగా ఉన్నాయా, కేశగుచ్ఛం నూగులా ఉందా ఈకలా ఉందా పొలుసులా ఉందా అన్న వాటిలో. ఇవన్నీ పువ్వును తిరగేసి, ఒక గింజను గోటితో ఊడదీసి చూస్తేనే తెలుస్తాయి. పైనుంచి చూసి ముచ్చటపడేవారికి కనిపించేది రంగు ఒక్కటే. రంగేమో ఈ కుటుంబంలో అన్నిటికంటే చవకైన సాక్ష్యం.

ఇక ఆ మొదటి మాట, గట్టున మొలిచినది ఈ నేలదే అన్నది, ఎంత బలహీనమైనదో చెప్పడానికి గడ్డిచామంతి ఒక్కటి చాలు. చీడికాడలోనే కాదు, తెలుగునాట ఏ గట్టున చూసినా, రహదారి పక్కన, బడి ఆవరణలో, పాడుబడ్డ గోడ సందున ఇది కనిపిస్తుంది. నేలబారున పాకే కాడ, ఎదురెదురుగా వచ్చి అంచున రంపపు పళ్లు తేలిన గరుకు ఆకులు, వాటి మధ్య నుంచి జానెడు పొడవున ఒంటరిగా లేచిన సన్నని తొడిమ, దాని కొసన ఒకే శీర్షం. అంచున ఉండే కిరణ పుష్పకాలు సాధారణంగా ఐదారుకు మించవు, లేత పసుపు లేదా పాలమీగడ రంగు, ఒక్కొక్కదాని కొన మూడు పళ్లుగా చీలి ఉంటుంది. ముదిరిన శీర్షాన్ని వేళ్ల మధ్య నలిపితే నల్లని చిన్న గింజలు, ఒక్కొక్కదానికి ఈకల్లాంటి పోగుల కుచ్చుతో రాలతాయి. తెగిన వేలికి దీని పసరు పిండడం పల్లెల్లో అందరికీ తెలుసు కనుకనే గాయపాకు అన్నారు. పలకలు తుడుచుకున్న పిల్లలు పలకాకు అన్నారు. ఇన్ని ఇంటిపేర్లున్న ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు. దీని ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, సుమారు 30 జాతులు ఉన్నాయి. అన్నిటి సహజ నివాసమూ అమెరికా ఖండమే. మహాసముద్రం దాటివచ్చి ఇక్కడ పాతుకుపోయినది ఈ ఒక్కటే కాగా, మిగిలిన చుట్టాలంతా అక్కడే ఉండిపోయారు.

ఈ చుట్టరికపు పరీక్ష స్థానికతను తేల్చడానికి ఉన్న మంచి సాధనాల్లో ఒకటి. ఒక ప్రజాతిలోని జాతులన్నీ ఒక ఖండంలో ఉండి, వాటిలో ఒకటి మాత్రమే మరో ఖండంలో దారుల వెంట, బంజర్లలో, మనిషి అలికిడి ఉన్నచోటే కనబడుతుంటే, దానిని వలస వచ్చినదిగా అనుమానించడానికి అది బలమైన కారణం. పాత వృక్షగ్రంథాల సాక్ష్యం కూడా తోడైతే అనుమానం నిర్ణయమవుతుంది. వయ్యారిభామ విషయమూ అంతే. దాని ప్రజాతి పార్థీనియం మొత్తం అమెరికాదే. 1950ల్లో పుణె దగ్గర కనబడిన తరువాత దేశమంతటా పాకిన ఈ కలుపును అదుపు చేయడానికి మెక్సికో నుంచే ఒక పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగళూరులో వదలవలసి వచ్చింది. వయ్యారిభామ పరదేశి అని నేడు ఎవరికీ చెప్పనవసరం లేదు, ఎందుకంటే అది దద్దుర్లు తెప్పిస్తుంది, పశువులు ముట్టవు. గడ్డిచామంతి మాత్రం గాయం మాన్పుతుంది కాబట్టి ఋషులకు తెలిసిన మూలికగా చలామణీ అవుతోంది. మేలు చేస్తే మనది, కీడు చేస్తే పరాయిది అన్న ఈ లెక్క బంధువుల మధ్య చెల్లుతుందేమో గానీ వృక్షశాస్త్రంలో చెల్లదు.

పెరటి సంగతి చూసినా ఇదే చిత్రం. పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాది, బంతి మెక్సికోది, దండలకు వాడే చామంతి చైనా వైపు నుంచి వచ్చినది. చీడికాడ నుంచి మాడుగుల మీదుగా ఘాటీ ఎక్కి పాడేరు, అరకు వైపు వెళ్లేవారు కార్తీక మాసంలో పసుపు తివాచీలా కనిపించే వలిసె చేలను అడవిపూలని మురిసి ఫొటోలు తీసుకుంటారు. అవి అడవిపూలు కావు. గిరిజన రైతులు దున్ని, విత్తి, నూనె గింజల కోసం పండించే పైరు. ఆ పైరు పుట్టినిల్లు ఇథియోపియా, దాని ప్రజాతి అంతా ఆఫ్రికాది. మనిషి సాగు చేసే పంటను అడవిపువ్వుగానూ, మెక్సికో కలుపును ఆయుర్వేద మూలికగానూ పరిచయం చేసే రాతలు ఒకే పత్రికలో పక్కపక్కన అచ్చవుతుంటే నోరెత్తి అడిగేవారు లేకపోవడం వింతే.

ఇక్కడ ప్రతిపక్షం వారు ఒక ఆక్షేపణ తెస్తారు: తరతరాలుగా ఈ మట్టిలో బతికి, ఈ ప్రజల గాయాలు మాన్పిన మొక్కను పరాయిదనడం అన్యాయం కాదా, మిరపకాయ కూడా పైదేశం నుంచి వచ్చినదే కదా అని. ఆక్షేపణలో సగం నిజం ఉంది. మిరప లేని తెలుగు వంట ఊహకందదు, అమెరికా నుంచి వచ్చిందని దాన్ని మానుకొమ్మని ఎవరూ అనరు. అయితే మిరప పుట్టుక తెలిసినంత మాత్రాన కారం తగ్గలేదు. అలాగే గడ్డిచామంతి పసరు రక్తం కట్టే గుణం దాని ప్రాచీనతపై ఆధారపడి లేదు. ఆ గుణాన్ని ఈ నేల ప్రజలు తమంతట తాము, తమ కళ్లతో చూసి కనుగొన్నారన్నదే నిజానికి గొప్ప విషయం. దానికి వేలయేళ్ల వంశవృక్షం కల్పించేవారు ఆ గొప్పతనాన్ని ప్రజల చేతిలో నుంచి లాగి, ఆ మొక్కను కళ్లతో చూసే అవకాశమే లేని గ్రంథకర్తల ఖాతాలో వేస్తున్నారు.

పసుపు పువ్వు మోజు వల్ల జరిగే అసలు నష్టం వేరు. ఈ నేలలో నిజంగా పుట్టిన ఆ కుటుంబపు మొక్కలు చాలావరకు మెరుపులేనివి కావడంతో అవి ఎవరి కంటా పడవు. వరి కోసిన తరువాత మడిలో తడి ఆరుతున్నప్పుడు పుట్టుకొచ్చే బోడసరాన్ని చూడాలి. కిరణ పుష్పకాలు లేవు, పసుపు లేదు. ముదురు గులాబీ నుంచి ఊదా దాకా రంగుండే, ఉసిరికాయ కంటే చిన్నదైన ఒక ఉండ. ఆ ఉండ ఒక శీర్షం కూడా కాదు, అనేక చిన్న శీర్షాలు కలిసి ఏర్పడిన సంయుక్త శీర్షం. కాడకు ఇరువైపులా నిడివిగా ఆకు పదార్థమే రెక్కల్లా అతుక్కొని, ఆ రెక్కల అంచు రంపపు పళ్లలా ఉండడం దీని తిరుగులేని గుర్తు. ఆకు నలిపితే ఘాటైన వాసన, వేళ్లకు జిగురు. అత్తిపత్తి పువ్వు కూడా గులాబీ బంతే గనుక ఫొటోలో, అందునా దూరపు ఫొటోలో, రెండూ కలగలిసిపోవచ్చు. కాడ మీద రెక్కలు చూసినవాడు మాత్రం పొరబడడు. అత్తిపత్తి అమెరికాది. బోడసరం ఈ దేశానిది, లిన్నేయస్ పెట్టిన స్ఫెరాంథస్ ఇండికస్ అన్న పేరులోనే ఆ మాట ఉంది, సంస్కృత వైద్యగ్రంథాలలోని ముండి ఇదేనని పండితుల అభిప్రాయం.

ఊదారంగు చిన్నపూల మొక్కల దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. చెరకు తోట గట్టున అలాంటివి మూడు పక్కపక్కనే పెరగవచ్చు. మొదటిది గరిటికమ్మ, సహదేవి అని కూడా అంటారు. నిటారుగా నిలిచే సన్నకాడ, ఒకదాని తరువాత ఒకటిగా మారుతూ వచ్చే ఆకులు, చిన్న ఊదా శీర్షాలు, వాటి అడుగున మొనదేలిన పుచ్ఛాలు కొన్ని వరుసలుగా ఒకదానిపై ఒకటి పొదిగినట్టు ఉంటాయి. ముదిరితే తెల్లని నూగు. రెండోది ఎమిలియా సోంకిఫోలియా. దాని శీర్షం సన్నని గొట్టంలా ఉంటుంది, పుచ్ఛాలు ఒకే వరుసలో, ఒకే పొడవున, అంచులు అతికించినట్టు నిలబడతాయి, కింది ఆకులు వీణ ఆకారంలో నొక్కులు పడి ఉంటాయి. మూడోదైన పోకబంతికి ఆకులు ఎదురెదురుగా వస్తాయి, నలిపితే మేకవాసన లాంటి కంపు, గింజ మీద నూగుకు బదులు ఐదు పొలుసులు. మొదటి రెండూ పాత ప్రపంచపువి, అంటే ఆసియా ఆఫ్రికా ఉష్ణప్రాంతాలవి. మూడోది అమెరికాది. పైనుంచి చూస్తే మూడూ ఊదా కుచ్చులే. తిరగేసి చూస్తే మూడూ మూడు వేర్వేరు గుంపులకు చెందినవి, పేర్లు కలిపేయడానికి వీలే లేదు.

ఈ కలగాపులగం ఎంత దూరం పోతుందో బ్రహ్మదండి చెబుతుంది. థార్ ఎడారి ఇసుక నుంచి దక్కను పీఠభూమి గరప నేలల దాకా, అనంతపురం వంటి సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలలోనూ పెరిగే ఎకినాప్స్ ఎకినేటస్ అన్న ముళ్లమొక్కను ఆ పేరుతో పిలుస్తారు. ఎడారి పువ్వు అన్న మాటకు తెలుగునేల మీద ఏదైనా దగ్గరగా వస్తే అది ఇదే. ఆకుల పైతట్టు పచ్చన, కింది తట్టు దూదిలాంటి తెల్లని నూగు. ఆ నూగు నీటి ఆవిరిని ఆపి మొక్కను కాపాడుతుంది. కొమ్మ చివర గుండ్రని ముళ్లబంతి. దానిని విప్పి చూస్తే ఈ కుటుంబంలోకెల్లా విచిత్రమైన అమరిక కనబడుతుంది: మామూలుగా ఒక శీర్షంలో అనేక పువ్వులుంటే, ఇందులో ఒక్కో శీర్షానికి ఒక్కటే పువ్వు, అలాంటి ఒంటిపువ్వు శీర్షాలు పదులకొద్దీ కలిసి బంతిగా ఏర్పడ్డాయి. ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి పుష్కరకాలం పాటు సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించి, బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నవాడు. ఈ వర్ణన ఆయన మరణానంతరం వెలువడిన ఫ్లోరా ఇండికాలో ఉంది. ఎకినాప్స్ ప్రజాతిలో నూరుకు పైగా జాతులుండగా అన్నీ యూరప్, ఆసియా, ఆఫ్రికాలవే, అమెరికాకు చెందినది ఒక్కటీ లేదు. కనుక చుట్టరికం లెక్కన కూడా ఇది ఈ వైపు మొక్క.

అదే బ్రహ్మదండి పేరు చాలాచోట్ల మరొక ముళ్లమొక్కకు కూడా ఉంది. అది ఆర్జిమోన్ మెక్సికానా, కొందరు బలురక్కసి అనీ వెర్రికుసుమ అనీ అంటారు. పొద్దుతిరుగుడు కుటుంబానికి దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది గసగసాల కుటుంబానిది, పేరులోనే ఉన్నట్టు మెక్సికో వైపుది. దీని పసుపు పువ్వు నిజంగానే ఒక్క పువ్వు, కాడ తుంచితే పసుపుపచ్చని పాలు కారతాయి, కాయలో ఆవాలను పోలిన నల్లని గింజలుంటాయి. ఆ గింజల నూనె ఆవనూనెలో కలిస్తే ఒళ్లు వాచి గుండె దెబ్బతినే జబ్బు వస్తుంది. 1998లో ఢిల్లీలో ఇలాంటి కల్తీ నూనె వల్ల 60 మందికి పైగా చనిపోయారు. ఒక పేరు కింద రెండు మొక్కలు, ఒకటి మూలిక, రెండోది విషపు గింజలది. పేరు తెలిస్తే గుణాలు గ్రంథాల్లో దొరుకుతాయన్న ధీమాకు ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ వెతకనక్కరలేదు. మాచిపత్రి సంగతి ఇంత ప్రాణాంతకం కాకపోయినా ఇదే కోవలోది. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రాల్లో మొదటిదైన మాచిపత్రి కూడా పొద్దుతిరుగుడు కుటుంబానిదే. చీలికలు పడిన దాని ఆకు పూయని వయ్యారిభామ ఆకును పోలి ఉంటుంది. ఆకు తిప్పి చూస్తే మాచిపత్రికి అడుగున తెల్లని నూగు, నలిపితే సువాసన ఉంటాయి. వయ్యారిభామకు ఆ రెండూ లేవు.

ఫోన్‌ను నమ్మేవారి వాదం ఇప్పుడు పరిశీలించవచ్చు. ఫొటోను చూసి పేరు చెప్పే సాధనాలు నిరుపయోగమని వాదించడం మూర్ఖత్వం. గడ్డిచామంతి, వయ్యారిభామ వంటి అందరూ ఎరిగిన మొక్కలకు అవి సాధారణంగా సరైన పేరే చెబుతాయి. కానీ ఎరిగినదాన్ని చెప్పడానికి సాధనం అక్కరలేదు, అక్కర ఉన్నది ఎరగనిదాని దగ్గర. అక్కడే అది తడబడుతుంది, ఎందుకంటే దానికి నేర్పిన ఫొటోలు ఎక్కువగా అందమైన పువ్వులను పైనుంచి తీసినవి, పుచ్ఛాలనూ గింజలనూ వాసననూ అది చూడలేదు. రహదారుల మధ్య అలంకారానికి నాటుతున్న స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా అన్న అమెరికా తీగనూ, దానికి సోదరి వరసైన, చిత్తడి నేలల్లో పెరిగే ఇక్కడి పసుపుపచ్చ గుంటగలగరనూ ఎదురెదురుగా పెడితే పువ్వులు కవలల్లా ఉంటాయి. ఆకులో తేడా: మొదటిదాని మెరిసే ఆకు రెండు పక్కలా నొక్కులు పడి మూడు తమ్మెలుగా ఉంటుంది, రెండోదాని ఆకు నొక్కుల్లేక కోలగా ఉంటుంది. పువ్వు ఒక్కదాన్నే దగ్గరగా తీసి పంపినవారికి ఏ పేరు వచ్చినా అది అదృష్టం మీద ఆధారపడి వచ్చినదే. మొదటిది ప్రపంచంలోని అతి చెడ్డ నూరు దురాక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొక్క కాబట్టి, అలాంటి పొరపాటుకు మూల్యం చెల్లించేది పక్కనున్న కాలువ గట్టు.

పల్లె పెద్దల జ్ఞానాన్ని ఈ వాదన చిన్నబుచ్చుతోందని అనేవారు ఉండవచ్చు. విషయం సరిగ్గా తలకిందులు. కలుపు తీసే కూలీ స్త్రీ మొక్కను పట్టుకొని లాగుతుంది, వేరు చూస్తుంది, వాసన తెలుస్తుంది, ఏ కార్తెలో ఏ మడిలో వస్తుందో తెలుసు. మామూలు గుంటగలగరను నలిపితే చేయి నల్లబడుతుందని, గడ్డిచామంతికి అలా కాదని ఆమెకు చెప్పనవసరం లేదు. అది గుర్తింపు విద్యే, గ్రంథాలయంలో కాక మడిలో నేర్చినది. ఆ విద్యలోని ఆనవాళ్లన్నీ వదిలేసి పేరు ఒక్కటే ఏరుకొని, దానికో పువ్వు ఫొటో అతికించి అచ్చువేసే పట్నపు రచనలకే ఈ ఖండన వర్తిస్తుంది.

ఈ తగాదా పత్రికల పుటలకే పరిమితమైతే ఇంత రాయవలసిన పని లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊరి ప్రజలను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. పంచాయతీ రిజిస్టరులో గడ్డిచామంతి స్థానిక ఔషధ మొక్కగా ఎక్కి, బోడసరం అసలు ఎక్కకపోతే, ఆ పొరపాటు ప్రభుత్వ పత్రమై కూర్చుంటుంది. తరువాత వచ్చే పరిశోధకుడు దాన్నే సాక్ష్యంగా చూపుతాడు. రిజిస్టరులో ఒక్కో పేరు పక్కన వేరు, కింది ఆకు, ముదిరిన శీర్షం ఉన్న ఎండబెట్టిన నమూనా, అది దొరికిన చోటు, తేదీ, ఆ పేరు చెప్పిన ఊరి వాడుక ఉండాలి. అలాంటి నమూనాను విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వృక్షశాస్త్ర విభాగం వంటి చోట సరిచూపించుకోవడం చీడికాడకు దూరాభారం కూడా కాదు. తిరిగే కాలాన్నీ మార్చుకోవాలి. పచ్చగా ఉంటుందని శ్రావణ భాద్రపదాల్లో బయలుదేరే సర్వే బృందానికి కనిపించేవి వానకు లేచిన కలుపులు. బోడసరం కోసం వరి కోతలు అయ్యాక, మడి ఆరుతుండగా వెళ్లాలి.